జ్వరం వస్తే మూతి పేలుతోంది, వైరస్ ఒంట్లోనే ఉంటే ఇమ్యూనిటీ ఏం చేస్తున్నట్టు?

హన్మకొండవాసి:
జ్వరం వచ్చినా, మే నెల ఎండలో రెండ్రోజులు బండి మీద తిరిగినా, కింది పెదవి ఎడమ పక్కన ప్రతిసారీ అదే చోట పొక్కులు. మా అమ్మమ్మ బల్లి పాకిందని పసుపు రాస్తది. డాక్టర్ హెర్పిస్ అన్నాడు. పేరు వినగానే టెన్షన్ పట్టుకుంది గానీ, చిన్నప్పుడే వచ్చి నరంలో దాక్కుంటుంది, భయం లేదన్నాడు. నా డౌట్ వేరే. వైరస్ వచ్చిన మొదటి రోజే ఒంటికి ఎట్లా తెలుస్తుంది? తెలిస్తే ఇన్నేళ్లు ఎందుకు వదిలేసింది?

కేయూ_మైక్రో:
ఎమ్మెస్సీలో నాకు ఇష్టమైన టాపిక్, కొంచెం పొడుగైనా భరించండి. కణానికి ఇది హెర్పిస్ అని తెలియదు. డీఎన్ఏ ఉండాల్సింది కేంద్రకంలో, బయట సైటోప్లాజంలో కనపడిందంటే ఏదో తేడా, అంతే దానికి తెలిసింది. ఆ తేడాను పట్టే ప్రోటీన్ సీగ్యాస్. అమెరికాలో జేమ్స్ చెన్ ల్యాబ్ 2013లో బయటపెట్టింది, ఆయనకు 2024లో లాస్కర్ అనే పెద్ద వైద్య పరిశోధన అవార్డు కూడా వచ్చింది. సీగ్యాస్ డీఎన్ఏను పట్టుకోగానే సీగ్యాంప్ అనే చిన్న అణువును తయారు చేస్తుంది, అది స్టింగ్ అనే మరో ప్రోటీన్‌ని లేపుతుంది, అక్కడి నుంచి కబురు కేంద్రకానికి పోయి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ తయారవుతుంది. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ని నేరుగా చంపదు. వాడకట్టులో ఒకింట్లో దొంగలు పడితే పక్కిళ్లవాళ్లు గొళ్లాలు పెట్టుకున్నట్టు, చుట్టూ ఉన్న కణాలు ముందే సిద్ధమవుతాయి.

బొగ్గుబాయి_గోదావరిఖని:
అన్నా, హెర్పిస్ తన డీఎన్ఏని క్యాప్సిడ్ అనే పెట్టెలో పెట్టుకుని కేంద్రకం గుమ్మం దాకా మోసుకుపోయి లోపలికే వదులుతుంది కదా, మరి సీగ్యాస్‌కి కనపడేదెప్పుడు?

కేయూ_మైక్రో:
మంచి పాయింట్ పట్టినవ్ తమ్మీ. కొన్ని పెట్టెలు దారిలోనే పగులుతాయి, ముఖ్యంగా క్రిములను మింగే కణాలైన మాక్రోఫేజ్‌లలో. కేంద్రకంలోనూ ఐఎఫ్ఐ16 అనే కాపలా ఉంది. అయితే వైరస్ కూడా తక్కువది కాదు. కణం పీకేఆర్ అనే తన ప్రోటీన్‌తో ప్రోటీన్ తయారీకి షట్టర్ దించేస్తే, వైరస్ తన ఐసీపీ34.5 ప్రోటీన్‌తో మళ్లీ ఎత్తించుకుంటుంది. నాకైతే ఈ దొంగాట చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

కరీంనగర్_సిస్టర్:
రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పొక్కులు మానాక వైరస్ పుర్రె లోపల ట్రైజెమినల్ నరాల ముడిలో పడుకుంటుంది. అప్పుడు ప్రోటీన్లు దాదాపు ఏమీ చేయదు, కాబట్టి పట్టుకోవడానికి ఆనవాలే ఉండదు. హెర్పిస్‌కి ఇచ్చే మందు ఎసైక్లోవిర్ కూడా డీఎన్ఏ కాపీ అవుతున్నప్పుడే పనిచేస్తుంది, నిద్రలో ఉన్నదాన్ని ఏమీ చేయలేదు. జ్వరం, ఎండ, ఒత్తిడి దాన్ని లేపుతాయి. ఈ మొదటి కాపలా ఎంత అవసరమో ఒక్క మాటలో చెప్తా: టీఎల్ఆర్3 అనే గుర్తింపు ప్రోటీన్‌లో లోపంతో పుట్టిన కొందరు పిల్లలకు ఇదే వైరస్ మెదడు దాకా వెళ్లి మెదడువాపు తెచ్చింది, పారిస్ పరిశోధకులు 2007లో చూపించారు. పొక్కులున్నప్పుడు పసిపిల్లలను మాత్రం ముద్దు పెట్టుకోకండి. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే అదే రోజు డాక్టర్ దగ్గరికి పోండి.

హన్మకొండవాసి:
థాంక్స్ అక్కా. అమ్మమ్మకు చెప్పాను, బల్లి బయట కాదు నరంలోనే ఉందని. అయితే పసుపు అక్కడికి ఎట్లా రాయాలి అంటోంది.