ఎండాకాలం రైతుల సంతలో కొన్న తాజా కూరగాయలు మూడో రోజుకే పాడైపోతున్నాయి, ఎక్కడ తప్పు?

ఆకుపచ్చసంచి (ప్రశ్న)

మాకు రైతుల సంత వారానికి ఒక్కసారే. పది, పదకొండు గంటల మధ్య వెళ్లి వారానికి సరిపడా కొని, అన్నీ ఒకే సంచిలో వేసి, ఇంటికి రాగానే కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం అలవాటు. మూడో రోజుకి ఆకుకూర కుళ్లు వాసన కొడుతుంది, బెండకాయల మీద నల్లమచ్చలు వస్తాయి, కీరదోస జిగురెక్కుతుంది. టమాటాకి రుచే ఉండదు. ఖర్బూజా చాలాసార్లు చప్పగా ఉంటోంది, స్వీట్‌కార్న్‌లో తీపి ఉండట్లేదు. రైతులు తెచ్చేది అదే రోజు కోసిన సరుకే. తప్పు ఎంచుకోవడంలోనా, మోసుకురావడంలోనా, దాచడంలోనా?

పొలంగట్టు

ముందు వేళ మార్చండి. కోసిన తర్వాత కూడా కాయ, ఆకు ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి, లోపల ఉన్న చక్కెరని ఖర్చు చేసుకుంటూనే ఉంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. తెల్లవారుజామున చల్లగా కోసిన తోటకూర పదకొండింటిదాకా ఎండలో ఉంటే, మీ చేతికి వచ్చేసరికే దాని ఆయుష్షు సగం అయిపోయినట్టే. సంత మొదలైన తొలి గంటలో వెళ్లండి. కుదరకపోతే నీడలో, తడిగుడ్డ కప్పిన గంపల దగ్గరే ఆకుకూర తీసుకోండి.

కొనే వరుస కూడా ముఖ్యమే. పుచ్చకాయ, దోస, వంకాయ లాంటి గట్టివి ముందు, బీన్స్, బెండ తర్వాత, ఆకుకూర, మెత్తటి పళ్లు చివర్న. సంచులు కనీసం మూడు ఉండాలి. మొక్కజొన్నకి, ఆకుకూరకి ఐస్‌ప్యాక్ వేసిన పెట్టె వాడండి, కానీ ఐస్‌ప్యాక్ నేరుగా ఆకుకి తగలకూడదు, మధ్యలో తువ్వాలు పరవండి. తగిలినచోట ఆకు గాజులా పారదర్శకంగా మారి కుళ్లుతుంది. టమాటా ఆ పెట్టెలో వద్దు. ఎండలో ఆగిన కారు డిక్కీలో ఏదీ వదలొద్దు, సంత ఆఖరి మజిలీగా పెట్టుకుని నేరుగా ఇంటికి వచ్చేయండి.

అమ్మేవాళ్లని “తాజాదేనా?” అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. “ఎప్పుడు కోశారు? ఏ రకం? ఇవాళే తినాలా, రెండు రోజులు ఆగాలా?” అని అడగండి. పండించినవాళ్లయితే వెంటనే చెప్తారు.

తీగపందిరి

ఎంచుకోవడం గురించి నేను రాస్తాను.

ఖర్బూజా: మీ చప్పదనానికి కారణం దాదాపు ఇదే. ఇందులో తర్వాత చక్కెరగా మారడానికి పిండిపదార్థం నిల్వ ఉండదు. ఇంట్లో పెడితే మెత్తబడుతుంది, వాసన పెరుగుతుంది, తీపి మాత్రం పెరగదు. వలలాంటి తొక్క ఉన్న రకంలో తొడిమ చోటు చూడండి. పండిన కాయ తీగ నుంచి తనంతట తానే విడిపోతుంది, అక్కడ నున్నటి చిన్న గుంట మిగులుతుంది. తొడిమ ముక్క ఇంకా అతుక్కుని ఉంటే, లేదా గుంట అంచు చిరిగి ఉంటే పచ్చిగా ఉన్నప్పుడే కోసేశారన్నమాట. వల కింద రంగు ఆకుపచ్చ నుంచి లేత పసుపుకి తిరిగి ఉండాలి, రెండో కొస దగ్గర వాసన రావాలి. నున్నటి తొక్క ఉన్న రకాలకి ఈ గుంట పరీక్ష పనిచేయదు, చాలావరకు కత్తితోనే కోస్తారు.

పుచ్చకాయ కూడా కోశాక తియ్యబడదు. నేలకి ఆనిన చోట మచ్చ తెల్లగా కాదు, వెన్నలా పసుపుగా ఉండాలి. కాయ పక్కనున్న నులితీగ ఎండిందా అని రైతుని అడగండి. ఒకే సైజు రెండింటిని చేతుల్లోకి తీసుకుని బరువైనది ఎంచుకోండి. తట్టి చూడటం చెవి బాగా అలవాటైనవాళ్లకే.

మొక్కజొన్న పొత్తు: కింద కోసిన చోటు తడిగా, లేతగా ఉందా చూడండి. ఎండి గోధుమరంగుకి తిరిగితే పాతది. పీచు కొసలో గోధుమరంగు, లోపలికి కాస్త జిగట ఉంటే మంచిది. ఆకులు ఒలిచి చూడొద్దు, ఒలిచిన పొత్తు త్వరగా ఎండుతుంది, తర్వాతివాళ్లకీ నష్టం. పైనుంచే వేలితో నొక్కితే గింజలు కొసదాకా నిండుగా తగలాలి.

బెండకాయ కొన పుటుక్కున విరగాలి, బీన్స్ కూడా అంతే. వంకాయ మెరుస్తూ ఉండాలి, బొటనవేలితో నొక్కితే తిరిగి పైకి లేవాలి. సొట్ట అలాగే ఉండిపోతే ముదిరింది, లోపల గింజ గట్టిపడి ఉంటుంది.

చల్లనిఅర

అన్నిటికీ ఒకే చల్లదనం సరిపోదు, మీ కీరదోస, టమాటా సమస్య అక్కడే ఉంది. టమాటాని సుమారు 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంచితే వాసననిచ్చే పదార్థాలు తయారవడం తగ్గిపోతుంది. బయటే, తొడిమ మచ్చ కిందికి ఉండేలా ఒకే వరుసలో పెట్టండి. టమాటాలోంచి తేమ పోయేది ఎక్కువగా ఆ మచ్చ గుండానే. మరీ పండిపోతే ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బయట ఉంచవచ్చు.

కీరదోస, వంకాయ 10 డిగ్రీల లోపు రెండు మూడు రోజులు దాటితే గుంటలు పడి నీరుకారతాయి. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే కాస్త వెచ్చగా ఉండే తలుపు వైపు పెట్టి రెండు రోజుల్లో వండేయండి. అరటి, ఖర్బూజా పక్కన కీరదోస పెట్టొద్దు, అవి విడిచే ఎథిలీన్ వాయువుకి పసుపెక్కుతుంది.

మొక్కజొన్న మాత్రం ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. మామూలు తీపి రకం 30 డిగ్రీల వేడిలో ఒక్క రోజులో సగానికి పైగా చక్కెర పోగొట్టుకుంటుంది. ఆకులతోనే ఫ్రిజ్‌లో పెట్టి, వీలైతే అదే రోజు ఉడికించండి. కొత్తగా వచ్చిన అతితీపి రకాలు కాస్త ఓర్చుకుంటాయి, అందుకే రకం పేరు అడగమనడం.

రాగానే కడగడం మానేయండి. బెండకాయ నల్లబడటానికీ, ఆకుకూర కుళ్లడానికీ ఆ తడి పెద్ద కారణం. ఆకుకూర కట్ట తాడు విప్పి, నలిగిన ఆకులు ఏరేసి, పొడిగుడ్డలో వదులుగా చుట్టి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచండి. బెండ, బీన్స్ కాగితంలో చుట్టి తలుపు వైపు పెట్టండి.

ఆకుపచ్చసంచి

ఇంటికొచ్చేసరికే వాడిన ఆకుకూరని బాగుచేయొచ్చా? కోసిన ఖర్బూజా ఎంతసేపు బయట ఉండొచ్చు?

చల్లనిఅర

వాడితే బాగవుతుంది, కుళ్లితే కాదు. కాడల కొసలు అర అంగుళం కోసి, చల్లటి నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు ముంచండి, నిలబడుతుంది. ఆ తర్వాత తడి పూర్తిగా ఆరనిచ్చి అదే రోజు, మహా అయితే మర్నాడు వాడేయండి.

ఖర్బూజా తొక్క గరుకులో మట్టి, సూక్ష్మజీవులు ఉంటాయి, కత్తి వాటిని లోపలికి లాక్కెళ్తుంది. కోసేముందు పారే నీటి కింద బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి కోయండి. ముక్కలు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే.