పెద్దవాళ్ల హౌసింగ్ కోఆపరేటివ్‌లో వాటా కొంటే అసలు ఏం కొన్నట్టు?

ప్రశ్న (మెట్లిల్లు):
నమస్కారం అండీ. నాకు 66, మా ఆయనకి 71. మోకాళ్ల నొప్పులతో ఆయన మెట్లు ఎక్కలేకపోతున్నారు, అందుకని ఇల్లు అమ్మేసి పెద్దవాళ్ల కోఆపరేటివ్‌లో, అంటే వయసు మీరినవాళ్లు సభ్యులుగా చేరి కలిసి నడుపుకునే ఫ్లాట్లలో చేరదామనుకుంటున్నాం. వెళ్లి చూసొచ్చాం, చోటు నచ్చింది, అక్కడి మనుషులూ నచ్చారు. కానీ ఆఫీసులో చెప్పినదే నా బుర్రకెక్కలేదు. ఫ్లాట్ మీ పేరున రిజిస్టర్ కాదు, మీకు వాటా వస్తుంది అన్నారు. ఆ పైన నెలనెలా ఛార్జీ కట్టాలట. అంత డబ్బు పోసి కొన్నాక మళ్లీ నెలనెలా కట్టడమేంటి, అది అద్దె కాదా? రేపు మాలో ఒకరు పోతే రెండోవాళ్ల సంగతేంటి, పిల్లలకి ఏం మిగులుతుంది? ఇదే టెన్షన్‌తో వారం రోజులుగా నిద్ర లేదు. అలాంటి చోట ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు 1 (తొమ్మిదేళ్ల సభ్యురాలు):
మీ భయం నాకు అర్థమైంది, చేరేటప్పుడు నేనూ ఇవే అడిగాను. భవనం, స్థలం మొత్తం కోఆపరేటివ్ పేరున ఉంటాయి. మీరు ఆ కోఆపరేటివ్‌లో సభ్యులు. వాటాతో పాటు ఫలానా ఫ్లాట్‌లో ఉండే హక్కు మీకు ఒప్పందం మీద వస్తుంది. అంటే యజమానుల్లో మీరూ ఒకరు, కాకపోతే ఆ ఒక్క ఫ్లాట్‌ని విడిగా మీది అని అమ్ముకోలేరు, చాలాచోట్ల అద్దెకీ ఇవ్వనివ్వరు.

నెల ఛార్జీ అద్దె కాదండీ. భవనం మీద అప్పుంటే దాని వాయిదా, ఆస్తిపన్ను, బీమా, వరండాల్లో దీపాలు, లిఫ్టు, మేనేజర్ జీతం, మరమ్మతులు, రేపటి పెద్ద ఖర్చుల కోసం పక్కన పెట్టే డబ్బు, ఇవన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో బడ్జెట్ వేసి ఇంటింటికీ పంచుతారు. లాభం తీసుకునే ఇంటి ఓనరు మధ్యలో ఉండడు. అలాగని ఛార్జీ పెరగదనుకోవద్దు, బీమా పెరిగితే ఇదీ పెరుగుతుంది. మా దగ్గర కుళాయి కారితే ఆఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే చాలు, లోపల రంగులు మాత్రం మనమే వేయించుకోవాలి. ఏది ఎవరి బాధ్యతో ఒప్పందంలో ఉంటుంది, అది మీరే కూర్చుని చదవండి.

ఇక ఉండటం సంగతి. మా వరసలో రాత్రి పడుకునే ముందు తలుపు హ్యాండిల్‌కి ఒక పచ్చ అట్టముక్క తగిలిస్తాం, పొద్దున లేవగానే తీసేస్తాం. తొమ్మిదైనా అది అక్కడే వేలాడుతుంటే ఆ వారం వంతు ఉన్నవాళ్లు వెళ్లి తలుపు తడతారు. పోయినేడు నా వంతు వారంలో ఎదురు ఫ్లాట్ ఆవిడ అట్ట అలాగే ఉండిపోయింది. తట్టాను, పలకలేదు, తలుపుకి చెవి ఆనిస్తే సన్నగా మూలుగు. ఆఫీసులోంచి తాళంచెవి తెప్పించి తీస్తే ఆవిడ అర్ధరాత్రి బాత్రూంలో జారిపడి, లేవలేక, తువ్వాలు కప్పుకుని అక్కడే పడుకుని ఉంది. ఇప్పుడు బాగానే నడుస్తోంది. కానీ ఒక్కమాట, ఇది ఆసుపత్రి కాదు. నర్సు ఉండదు, మందులు ఇచ్చేవాళ్లు ఉండరు. మంచాన పడితే చూసుకునే ఏర్పాటు మనమే చేసుకోవాలి, లేదా వేరేచోటికి మారాలి. మీ ఆయన మోకాళ్ల గురించి చెప్పారు కాబట్టి ముందే అంటున్నాను.

జవాబు 2 (కొడుకుని):
పిల్లలకి ఏం మిగులుతుంది అన్నారు కదా, మా అమ్మ పోయాక మాకు జరిగింది చెబుతాను. వాటా విలువ మాకొచ్చింది, కానీ ఆ ఫ్లాట్‌లో ఉండే హక్కు రాలేదు, అక్కడ ఉండాలంటే ఇంత వయసు నిండాలని నియమం ఉంది, మా ఇద్దరికీ ఆ వయసు లేదు కాబట్టి. అది న్యాయమే. కడుపు మండింది ఎక్కడంటే, ఆ వాటాని ఇంకొకరు కొనేదాకా నెల ఛార్జీ మేమే కట్టాం, పద్నాలుగు నెలలు! వెయిటింగ్ లిస్ట్ చాలా పొడుగుంది అని అమ్మ చేరినప్పుడు చెప్పారు, తీరా చూస్తే అందులో సగంమంది ఎప్పుడో వేరేచోట చేరిపోయారు, జాబితా సరిచూసిన నాథుడే లేడు.

ఇంకోటి, వాటాల్లో రకాలుంటాయి. మార్కెట్ ధరకి అమ్ముకోనిచ్చేది ఒకటి. పరిమిత విలువ పద్ధతి ఇంకొకటి, అందులో పెరుగుదల ఎంతో నిబంధనల్లోనే రాసేసి ఉంటుంది. ఉదాహరణకి ఏడాదికి అసలు మీద ఒక శాతం అని ఉందనుకోండి, వందకి కొన్నది పదేళ్లకి నూటపదికే అమ్మాలి, బయట ఇళ్ల ధరలు రెట్టింపైనా సరే. తర్వాత వచ్చేవాళ్లకి అందుబాటులో ఉండాలనే ఆ నియమం, నాకు దాని మీద కోపం లేదు. కాకపోతే ముందు తెలిసి సంతకం పెట్టడం వేరు, తర్వాత తెలుసుకోవడం వేరు.

జవాబు 3 (లెక్కల కమిటీ):
పై ఇద్దరూ చెప్పింది నిజం. నేను మా దగ్గర ఫైనాన్స్ కమిటీలో ఉన్నాను. మీరు సంతకం పెట్టేముందు మూడేళ్ల బడ్జెట్లు, మీటింగ్ మినిట్స్, రిజర్వ్ ఫండ్ లెక్క అడగండి. పైకప్పు, లిఫ్టు, బాయిలరు ఎప్పుడు మార్చాల్సి వస్తుందో, దానికి ఎంత దాచారో చూడండి. ఇప్పుడు ఖాళీగా ఎన్ని ఫ్లాట్లు ఉన్నాయో అడగండి, ఎందుకంటే వాటి భారం చివరికి మిగిలినవాళ్ల మీదే పడొచ్చు. ఇవి చూపించడానికి నసిగేచోట చేరకండి.

ఓటు సంగతి ఎవరూ చెప్పలేదు. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో మొదలైన సహకార సంఘం పెట్టుకున్న నియమమే ఇప్పటికీ నడుస్తోంది, సభ్యుడికి ఒక ఓటు. పెద్ద ఫ్లాట్ అయినా చిన్నదైనా అంతే, అయితే కొన్నిచోట్ల ఇంటికి ఒక్క ఓటు అని పెట్టుకుంటారు. బోర్డుని మనలోంచే ఎన్నుకుంటాం. మా లిఫ్టు మార్చాల్సి వచ్చినప్పుడు కింది అంతస్తు వాళ్లు మేమెందుకు కట్టాలి అన్నారు, మూడు గంటలు వాదన. చివరికి కింద ఉండే 84 ఏళ్ల పెద్దావిడ లేచి, పైనుంచి నా స్నేహితురాలు దిగి రాకపోతే నాకు సాయంత్రాలు గడవవు, నేను కడతాను అంది. ఓట్లు పెడితే నెగ్గింది. ఇలాంటి మీటింగులకి ఓపికగా కూర్చునేవాళ్లు ఉంటేనే ఈ పద్ధతి నిలుస్తుంది.

మెట్లిల్లు:
ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. బుధవారం వెళ్లి ఆ కాగితాలు అడుగుతాం. ఒకరు పోతే రెండోవాళ్ల మాట మాత్రం మిగిలిపోయింది.

లెక్కల కమిటీ:
వాటా పత్రంలోనూ నివాస ఒప్పందంలోనూ మీ ఇద్దరి పేర్లూ ఉండాలి, ఒకరు లేకపోయినా రెండోవారు సభ్యత్వంతో కొనసాగుతారని అందులో రాసి ఉందో లేదో చూడండి. మీ ఇద్దరికీ వయసుంది కాబట్టి ఆ చిక్కు లేదు. చదివేవాళ్లలో భార్య చిన్నదైతే జాగ్రత్త, వయసు నియమం 55 పెట్టేవాళ్లున్నారు, 62 పెట్టేవాళ్లున్నారు, ఒకరికి ఉంటే చాలనేవాళ్లూ ఉన్నారు. నోటిమాట మీద ఆగకండి, ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.