అప్‌డేట్: నాన్న నోట పద్యం వచ్చింది

రెండు నెలల కిందట అడిగాను, గుర్తుందా? పక్షవాతం వచ్చాక నాన్నకి అన్నీ అర్థమవుతున్నాయి కానీ నోట మాట రావట్లేదు, ఏం చేయమంటారని. "నాటకాల్లో పద్యాలు పాడేవారంటున్నారు కదా, పాడించి చూడండి" అని ఒకరు రాశారు. వారికి చేతులెత్తి దండం పెడుతున్నాను.

నాన్నకి పాతికేళ్లు హార్మోనియం వాయించిన మామ ఒకాయన కావలిలోనే ఉన్నారు. కబురు పెడితే పెట్టె పట్టుకుని వచ్చేశారు. నాలుగు రోజులు ఏమీ లేదు, నాకు ఒకటే టెన్షన్. ఐదో రోజు శ్రుతి పట్టి కృష్ణుడి పద్యం ఎత్తుకుని, పాదం చివర కావాలనే ఆపేశారు. నాన్న ఎడమ చెయ్యి మంచం పట్టె మీద కదిలింది. ఆఖరి మాట రాగంతో సహా ఆయనే పూర్తి చేశారు! అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

స్పీచ్ థెరపిస్టు వివరంగా చెప్పారు. మాటని నడిపేది ఎక్కువగా మెదడులో ఎడమ వైపు. పాటకి కుడి వైపు కూడా సాయపడుతుంది. బోస్టన్ వైద్యులు 1973లోనే దీన్ని చికిత్సగా మలిచారట: చిన్న మాటల్ని రాగం తీస్తూ, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికించడం. అందరికీ ఒకేలా పనిచేయదని కూడా అన్నారు.

"మంచినీళ్లు కావాలి" అనే మాటని మామ మోహన రాగంలో కట్టారు. నాన్న ఇప్పుడు అలాగే అడుగుతున్నారు. మామూలు మాట ఇంకా తడబడుతోంది, అమ్మ పేరు ఇంకా రాలేదు.

మామకి డబ్బులివ్వబోతే కోప్పడ్డారు. "మీ నాన్న పద్యం వినాలని నాకుండదా అమ్మాయ్?" అన్నారు. రేపు తబలా ఆయన్ని కూడా తీసుకొస్తారట.