అప్‌డేట్: జాస్మిన్ గ్రీన్ టీ చేదు, పైన పొర – కారణం తేలింది

మియాపూర్‌లో బోరు నీళ్లతో పెట్టిన జాస్మిన్ గ్రీన్ టీ చేదుగా ఉంటోందని, పైన పల్చటి పొర కడుతోందని అడిగాను కదా. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

పొరకు కారణం నీళ్ల హార్డ్‌నెస్సే. అందులోని కాల్షియం టీ ఆకులో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి పైకి తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లకు మారగానే పోయింది, రంగూ తేటపడింది. చేదు మాత్రం అలాగే ఉంది. అది వేడి వల్ల: సలసల మరిగే నీళ్లు పోస్తే ఆకులోని చేదు పదార్థాలైన కెటెకిన్లు ఎక్కువగా దిగుతాయి. 200 మి.లీ. నీళ్లు 80 డిగ్రీలకు చల్లారాక 3 గ్రాముల ఆకు వేసి, 2 నిమిషాలకే వడకట్టేస్తే సరిపోయింది. థర్మామీటర్ లేనివాళ్లు మరిగిన నీళ్లను రెండు స్టీలు గ్లాసుల మధ్య రెండుసార్లు తిరగబోసుకుంటే చాలు, దాదాపు అక్కడికే వస్తుంది.

సలహాల్లో వచ్చిన వడపోత గిన్నె మార్చడానికీ, ఈ చేదు, పొరలకూ సంబంధం లేదు. పువ్వులు ఎక్కువున్న ప్యాకెట్ కొనడం కూడా అంతే. వాసన తయారీలోనే ఆకుకు పట్టిస్తారు, మిగిలిన ఎండు పువ్వు చూపుకే.