టెక్సస్‌లో ఏడో తరగతి వాలీబాల్: ఫిబ్రవరి చెకప్ మీద స్పోర్ట్స్ ఫిజికల్ ఫారమ్ ఇస్తారా?

శిరీష_ఫ్రిస్కో:
పాప ఆగస్టులో ఏడో తరగతికి వెళ్తుంది. యూఐఎల్ (టెక్సస్ స్కూలు పోటీల సంస్థ) ఫిజికల్ ఫారమ్, అంటే ఆటలకి ముందు చేసే వైద్య పరీక్ష పత్రం, లేకుండా టీమ్ ఎంపికకి, అదే ట్రైఅవుట్స్‌కి రానివ్వరట. వార్షిక చెకప్ ఫిబ్రవరిలోనే అయిపోయింది, ఇన్సూరెన్స్ ఏడాదికి ఒక్కటే ఇస్తుంది. ఆ చెకప్ మీదే డాక్టర్‌గారితో సంతకం పెట్టించుకోవచ్చా? జూన్, జులై హైదరాబాద్‌లో ఉంటాం, అక్కడ చేయిస్తే చెల్లుతుందా? కుటుంబంలో గుండె జబ్బుల ప్రశ్నకి మా మామగారి బైపాస్ రాయాలా?

రవి_ప్లేనో:
ముందు మీ స్కూల్ డిస్ట్రిక్ట్ అథ్లెటిక్స్ పేజీలో తేదీ చూడండి. యూఐఎల్ నియమం ప్రకారం జూనియర్ హైలో (ఏడు, ఎనిమిది తరగతులు) మొదటి ఏడాది, హైస్కూల్లో మొదటి, మూడో ఏడాది ఫిజికల్ తప్పనిసరి. మిగతా ఏళ్లు మెడికల్ హిస్టరీ పేజీ చాలు. కానీ చాలా డిస్ట్రిక్టులు ఏటా అడుగుతాయి, అదీ వసంతంలో తాము పెట్టిన ఫలానా తేదీ తర్వాత చేయించినదే కావాలంటాయి. ఫిబ్రవరిది దానికి ముందుదైతే డాక్టర్ సంతకం ఉన్నా స్కూల్ అథ్లెటిక్ ట్రైనర్ తిప్పి పంపేస్తారు.

అప్పుడు విడిగా ఫిజికల్ చేయించాలి. దీనికి ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు, చేతి డబ్బే. వచ్చే ఏడాది నుంచి వార్షిక చెకప్‌నే మే నెలకి జరపండి, రెండూ ఒకే విజిట్‌లో అయిపోతాయి. అయితే మీ ప్లాన్‌లో ‘ఏడాది’ అంటే క్యాలెండర్ ఏడాదా, పూర్తి 365 రోజులా అని ముందే కనుక్కోండి.

ఫిజీషియన్, పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్), అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్స్, కైరోప్రాక్టర్, ఈ నలుగురి సంతకమే చెల్లుతుంది. హైదరాబాద్ డాక్టర్ సంతకం సరేనని ట్రైనర్ రాసిస్తే తప్ప దాన్ని నమ్ముకోవద్దు. ప్రయాణానికి ముందే మేలో ముగించేయండి. సీజన్‌కి కనీసం 6 వారాల ముందు చేయించమనేది ఊరికే కాదు, ఏదైనా తేలితే కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్‌కి ఆ వ్యవధి కావాలి.

పీడ్స్_నర్స్:
మామగారి బైపాస్ అరవై ఏళ్లు దాటాక జరిగి ఉంటే ఆ ప్రశ్న దాని గురించి కాదండీ. 50 ఏళ్లలోపు గుండె జబ్బుతోనో, హఠాత్తుగానో పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నదే ప్రశ్న. దాంతోపాటు గుండె కండరం మందమవడం, లాంగ్ క్యూటీ (గుండె లయ తప్పించే జబ్బు), మార్ఫాన్ (గుండె, రక్తనాళాల్నీ దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) లాంటివి. ఇటు అమ్మమ్మ వైపు, అటు నానమ్మ వైపు పెద్దల్ని ఫోన్ చేసి అడగండి. బాగా ఈత వచ్చినవాడు బావిలో మునిగిపోయాడన్న సంగతి కూడా చెప్పాల్సిందే, అది గుండె లయ తప్పడం వల్ల కావచ్చు. అవును అంటే టీమ్ పోతుందని దాచేవాళ్లున్నారు. నిజానికి అప్పుడు కావాల్సింది మరో పరీక్ష, రాతపూర్వక క్లియరెన్స్, అంతే.

ఎక్కువగా తంటా తెచ్చేది బీపీ. చేతికి చుట్టే కఫ్ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టుకోవాలి. చిన్న కఫ్ వేస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పాదాలు నేలకి ఆనించి, 3 నుంచి 5 నిమిషాలు ఊరికే కూర్చున్నాక కుడిచేతికి చూడాలి. ఎక్కువ వస్తే మళ్లీ చూడమని అడగండి, ఫారమ్‌లో అదనపు రీడింగులకి ఖాళీలున్నాయి. 13 నిండనివాళ్లకి 120/80 లెక్క కాదు, వయసు, ఎత్తు, ఆడా మగా బట్టి పట్టిక చూస్తారు.

గుండెని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి వినాలి. మామూలు మర్మర్ (గుండె చప్పుడులో వినిపించే అదనపు శబ్దం) నిలబడితే సాధారణంగా తగ్గుతుంది, కండరం మందమైన గుండెలో పెరుగుతుంది. పడుకోబెట్టి మాత్రమే విని వదిలేస్తే అది లెక్కలోకి రాదు. వదులు టీషర్ట్, షార్ట్స్ వేసి తీసుకెళ్లండి. కళ్లజోడు ఉంటే మర్చిపోవద్దు.

కోచ్_వేణు:
ఫారమ్ వెనక్కొచ్చేది చిన్నవాటికే: పరీక్ష తేదీ ఖాళీ, పాప సంతకం లేదు, నిరుటి ఫారమ్ ప్రింట్ తీశారు. రాంక్ వన్‌లో (ఫారమ్‌లు అప్‌లోడ్ చేసే వెబ్‌సైట్) ఎక్కించేటప్పుడు రెండో పేజీ ఫొటో మసకబారితే అదీ రిజెక్టే. ఫారమ్‌లో ఈసీజీ పరీక్ష గురించిన గడి కూడా చదవండి. అది తల్లిదండ్రుల ఇష్టం, ఖర్చు మీదే. ఇన్‌హేలర్ వాడితే మందుల అనుమతి పత్రం వేరే ఉంటుంది, అది స్కూల్ నర్స్‌కి ఇవ్వాలి.