డీసీఎం నాలుగు నెలలు పక్కకు పెట్టాలె, ట్యాంక్ ఫుల్ కొట్టియ్యాల్నా ఖాళీ చేయాల్నా?

హసన్‌పర్తి డీసీఎం:
అందరికి నమస్తే. మాది హసన్‌పర్తి, ఒక డీసీఎం (సరుకు కొట్టే చిన్న లారీ) ఉన్నది, 2021ల తీసుకున్న, బీఎస్6 (పొగ తక్కువ రావాలని పెట్టిన కొత్త రూలు బండి). మొన్నటి దాక ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, వడ్లు కొట్టినం. ఇప్పుడేమైందంటె డల్లాస్‌ల బిడ్డ కాన్పు ఉన్నది, నేను మా ఇంటామె నవంబర్ ఆఖర్ల పోయి మార్చి ఆఖర్ల వస్తం. డ్రైవర్ పిలగానికి గల్ఫ్ వీసా వచ్చింది, వాడు దసరాకే పోయిండు. కొత్తోని చేతుల బండి పెట్టి అక్కడ నిద్ర లేకుంట ఉండుడు కంటె ఇంటెనక రేకుల షెడ్డుల పెట్టుడే నయమనిపించింది.

అల్లుడు ఒక వీడియో పంపిండు, అక్కడ చలికాలం ట్రక్కు పక్కకు పెట్టే ముందు డీజిల్ల ఏదో మందు పోస్తరట, ఇంజిన్‌కు హీటర్ పెడ్తరట. మనకు గంత చలి ఏడిది? కాని డీజిల్ సంగతి మాత్రం పరేషాన్ చేస్తున్నది. ఒక మెకానిక్ ఏమో పాత డీజిల్ ఖరాబైతది మొత్తం తీసెయ్ అన్నడు, బంకు కాడి పిలగాడేమో ఫుల్ కొట్టించి పెట్టు అన్నడు, వాడు అట్లనే అంటడు అనుకోండ్రి వాని గిరాకి వానిది. ఇప్పుడు సగం ట్యాంక్ ఉన్నది. యాడ్‌బ్లూ (పొగను సాఫ్ చేసే యూరియా నీళ్ళు) గూడ సగం ఉన్నది. మా బామ్మర్ది ప్రతి ఆదివారం వచ్చి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి బంద్ చేస్త అంటున్నడు. చాల్తదా? ఇంకేం చూస్కోవాలె జర చెప్పండ్రి.

ఆటోనగర్ పాత చెయ్యి:
అన్నా, ఫుల్ కొట్టియ్యి. సగం ట్యాంక్ అన్నిటికంటె చెడ్డది. ఎందుకంటె చెప్త ఇను, మన దగ్గర చలికాలం పగలు 30 ఉంటది రాత్రి 14, 15కు వస్తది. ట్యాంక్ల ఖాళీ ఎంతుంటె గంత గాలి, ఆ గాలి పగలు వేడికి బయటికి పోతది రాత్రి సల్లవడంగనె మంచు గాలిని లోపలికి గుంజుతది, ఆ తేమ రేకు గోడలకు చెమట పట్టినట్టు పట్టి కిందికి జారుతది. నీళ్ళు డీజిల్ కంటె బరువు గదా, అడుగుకు చేరి కూసుంటయి. నాలుగు నెలలు గిట్లనే జరిగితె ఆ నీళ్ళకు డీజిల్‌కు నడుమ నాచు లెక్క ఒకటి పెరుగుతది, అది నిజంగ నాచు కాదు, సూక్ష్మజీవులు, నల్లగ జిగటగ చీమిడి లెక్క ఉంటది. ఒక బండి ఎనిమిది నెలలు నిలవడ్డంక నా దగ్గరికి వచ్చింది, ఫిల్టర్ విప్పితె కాటుక డబ్బల వేలు పెట్టినట్టయింది చెయ్యి. కడిగినా రెండు రోజులు వాసన పోలె.

మొత్తం ఖాళీ చేసుడు గూడ వద్దు, ఖాళీ ట్యాంక్ లోపల తుప్పు పడ్తది, లైన్ల గాలి పడ్తది, మల్ల స్టార్ట్ చేసేటప్పుడు పంపు కొట్టి కొట్టి చెయ్యి వడిపోతది. నాలుగు నెలలకు మంచి డీజిల్ ఏం ఖరాబు కాదు. మూతి దాక మాత్రం కొట్టియ్యకు, నాలుగు వేళ్ళంత తక్కువ ఉంచు. నువ్వు వచ్చేటాల్లకు మార్చి ఎండలు, రేకుల షెడ్డు, వంద లీటర్లు 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితె లీటరున్నర పైన పెరుగుతది, మూత కాడ కారుతది.

కొట్టిచ్చే ముందు ఒక పని చెయ్యి. బండి ఒక రాత్రంత కదలకుంట ఉంచి పొద్దుగాల ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే స్క్రూ ఉంటది గదా, అది విప్పి మొదటి పావు లీటర్ తెల్ల ప్లాస్టిక్ సీసాల పట్టు. గంట సేపు కదిలియ్యకు. అడుగున గీత కొట్టినట్టు వేరేగ కనవడితె అది నీళ్ళు. మంచి డీజిల్ వచ్చేదాక వదిలెయ్యి. ట్యాంక్ అడుగు బోల్ట్ గూడ విప్పగలిగితె ఇంకా మంచిది.

ఇగ బామ్మర్ది సంగతి. వద్దని చెప్పు. అయిదు నిమిషాలల్ల ఇంజిన్ వేడి కాదు, సైలెన్సర్ల నీళ్ళు తయారై అండ్లనే ఉంటయి, పొగ ఫిల్టర్ల మసి పడ్తది కాలది, బ్యాటరీ తాగినంత గూడ మల్ల ఎక్కది. తీస్తె పదిహేను, ఇరవై కిలోమీటర్లు తోలుమను, లేకుంటె ముట్టుడే వద్దను.

ఇంజిన్ ఆయిల్ ఇప్పుడే మార్చు, వచ్చినంక కాదు. పాత ఆయిల్ల మసి, ఆమ్లం ఉంటయి, నాలుగు నెలలు అండ్ల బేరింగులు నానుడెందుకు. హ్యాండ్ బ్రేక్ గుంజి పెట్టకు, షూలు డ్రమ్ముకు అతుకుతయి, గేర్ల పెట్టి టైర్లకు ముందొక కట్టె ఎనకొక కట్టె పెట్టు. బ్రేకుల గాలి ట్యాంకులల్ల చేరిన నీళ్ళు వదులు. బ్యాటరీ ఫుల్ చార్జ్ చేసి మైనస్ వైరు తీసెయ్యి, కాని తాళం తీయంగనె తీయకు, బీఎస్6ల బంద్ చేసినంక గూడ యాడ్‌బ్లూ పంపు కొంచెం సేపు నడుస్తది, పైపులల్లది మల్ల ట్యాంకుకు గుంజుకుంటది. ఒక అయిదు నిమిషాలు ఆగి తీయి.

జమ్మికుంట పోరడు:
ఫుల్ ట్యాంక్ పెట్టి నాలుగు నెలలు ఊరిడిసి పోతడట 😀 అన్నా లీటర్ 95 దాటింది, పైపు పెట్టి గుంజుకపోతరు. మా బండికి ఒక్క రాత్రిల 70 లీటర్లు పోయింది, మూత పక్కకు పడేసి పోయిండ్రు దొంగలు, అండ్ల వాన నీళ్ళు గూడ పడ్డయి. తాళం ఉన్న మూత పెట్టియ్యి, బండిని ట్యాంక్ దిక్కు గోడకు ఆనిచ్చి నిలవెట్టు, చెయ్యి దూరకుండ.

ఎడ్మంటన్‌ల హన్మకొండోడు:
మీ అల్లుడు పంపిన వీడియో తప్పు కాదు కాక, కాకపోతె అది మా అసొంటోళ్ళకు. నేను కెనడాల ఉంట, డీజిల్ పికప్ ఉన్నది, జనవరిల మైనస్ 30 చూస్తం. డీజిల్ల మైనం ఉంటది, చలి పెరిగితె ముందు మబ్బు పట్టినట్టయితది, తర్వాత ఆ మైనం ముక్కలు ఫిల్టర్‌కు అడ్డం పడ్తయి, ఇంజిన్ ఆకలితోని ఆగిపోతది. పోసే మందు గూడ డీజిల్ గడ్డ కట్టకముందే పోయాలె, కట్టినంక పోస్తె అది పనిచెయ్యది, నేను మొదటి ఏడు అట్లనే మోసపోయి బండిని లాగిచ్చుకపోయి వేడి గ్యారేజీల ఒక రోజంత పెట్టిన. రాత్రిపూట ఇంజిన్ హీటర్‌ను కరెంటు ప్లగ్గుకు పెట్టుకుంటం, ఇక్కడ ఆఫీసుల పార్కింగుల గూడ దానికి ప్లగ్గులు ఉంటయి.

మన దేశంల గూడ లడఖ్ దిక్కు ఇదే కథ, అందుకే 2019 నవంబర్‌ల ఇండియన్ ఆయిల్ వాళ్ళు మైనస్ 33 దాక గడ్డ కట్టని డీజిల్ అక్కడికి పంపుడు మొదలుపెట్టిండ్రు. హసన్‌పర్తిల ఆ మందు కొనుడు దండగ. యాడ్‌బ్లూ గూడ మైనస్ 11కు గడ్డ కడ్తది, మీకు ఆ భయం లేదు, మీకు ఎండతోనే భయం.

ఆదిలాబాద్ లారీ:
మా దిక్కు జర వేరే తమ్మీ. గిన్నెధరి దిక్కు పొద్దుగాల 5, 6 డిగ్రీలకు పడిపోయిన రోజులున్నయి. గడ్డ కట్టుడు నేను చూడలె కాని ఒక సంగతి తెలుసుకోవాలె, మన డీజిల్‌కు ఎండాకాలం లెక్క వేరు చలికాలం లెక్క వేరు. ఫిల్టర్‌కు అడ్డం పడే డిగ్రీ ఎండాకాలం 18 దాక ఉండొచ్చు అని రూలు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక 6 దాటొద్దు. అందుకని ఎండాకాలంది డ్రమ్ముల దాచి చలికి వాడేటోళ్ళు జర చూస్కోండ్రి. మీరు నవంబర్ల కొట్టిస్తున్నరు గదా, ఫికర్ లేదు.

ఇంకొకటి, కొంతమంది కిరసనాయిల్ కలుపుమంటరు. పాత పంపు బండ్లకు నడిచింది, బీఎస్6కు కలపకు. పంపుకు, ఇంజెక్టర్లకు డీజిలే నూనె, కిరసనాయిల్ల ఆ జిగురు లేదు, గీసుకపోతయి.

ఆటోనగర్ పాత చెయ్యి:
ఎలుకల సంగతి మర్చిపోయిన. వడ్లు కొట్టిన బండి అంటె వాటికి పెళ్ళి భోజనం. బాడీల పలకల సందులల్ల ఇరికిన గింజలు చీపురుతోని రావు, నీళ్ళు కొట్టి కడిగి ఎండవెట్టు. పోయినేడు ఒక డీసీఎం ఎయిర్ ఫిల్టర్ డబ్బ తీస్తె పత్తి, పల్లి పొట్టు, ఎవలిదో చిరిగిన లుంగీ ముక్క, నడుమ అయిదు పిల్లలు కండ్లు తెరవనియి. వైరింగ్ మొత్తం కొరికినయి, ఇంజిన్‌కు ఏంగాలె గని సెన్సార్ల వైర్లకే మస్తు ఖర్చయింది. గాలి పీల్చే మూతికి, సైలెన్సర్ మూతికి జాలి గట్టు, కట్టినట్టు యాదికుండేటందుకు స్టీరింగ్‌కు ఎర్ర గుడ్డ గట్టు.

కరీంనగర్ పర్మిట్:
క్వార్టర్ ట్యాక్స్ (మూడు నెలలకోసారి కట్టే బండి పన్ను) సంగతి ఎవలూ చెప్పలె. బండి తిప్పుతలేమని ఆర్టీఏ ఆఫీసుల స్టాపేజ్ రాసియ్యాలె, అది గూడ క్వార్టర్ షురూ కాకముందే. అంటె జనవరి నుంచి మార్చిదానికి పోయే ముందే ఇచ్చి పో. తర్వాత పోయి షెడ్డుల ఉండె సార్ అంటె ఇనరు. ఇన్సూరెన్స్ మాత్రం నడువనియ్యి, షెడ్డుల ఉన్నా అగ్గి తగల్తది, దొంగలు వడ్తరు. తేదీ దాటి 90 రోజులు పోతె నో క్లెయిమ్ బోనస్ గూడ పోతది.

హసన్‌పర్తి డీసీఎం:
అందరికి దండం. ఈ పొద్దు సీసాల పట్టి చూసిన, అడుగున బొటనవేలు మందం నీళ్ళు ఉన్నయి! రోజు తిరిగే బండికే గిన్ని. రెండు సార్లు వదిలినంక సాఫ్ డీజిల్ వచ్చింది. రేపు ఫుల్ కొట్టిచ్చి తాళం మూత పెట్టిస్త, షెడ్డుల గోడకు ఆనిస్త. స్టాపేజ్ కాగితం సోమవారం ఇస్త. ఆదివారం స్టార్ట్ చేసుడు వద్దన్న అని బామ్మర్దికి చెప్తె అలిగిండు, ఇంటామె గూడ మొహం ముడుచుకున్నది. సరే అని బండి తాళంచెవి వానికే ఇచ్చిన. బండి షెడ్డుల పెట్టినంక బ్యాటరీ విప్పి మా అన్న ఇంట్ల పెడ్త, అది వానికి చెప్పలె.