9 ఎంఎం తూటాలు గేజ్‌లో పూర్తిగా దిగడం లేదు: డైలను ఎలా సర్దాలి?

ప్రశ్న:
నాలుగు స్థానాలున్న ప్రోగ్రెసివ్ ప్రెస్సు (లీవర్ లాగిన ప్రతిసారీ అన్ని స్థానాల్లోనూ పని జరిగే యంత్రం) మీద 9 ఎంఎం తూటాలు రీలోడ్ చేస్తున్నాను, అంటే కాల్చిన ఇత్తడి కేసుల్లో మళ్లీ పౌడర్ పోసి, ముందు బుల్లెట్ (దూసుకుపోయే సీసపు ముక్క) బిగిస్తున్నాను. కొన్ని గేజ్‌లో (తూటా కొలత సరిచూసే గొట్టం) పూర్తిగా దిగకుండా వెంట్రుకవాసి పైన మిగిలిపోతున్నాయి. మొత్తం పొడవు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటోంది. బుల్లెట్‌ను కూర్చోబెట్టడం, క్రింప్ చేయడం (కేస్ మూతిని బుల్లెట్ మీదికి నొక్కడం) రెండూ ఒకే డైలో (ప్రెస్సుకు బిగించే ఉక్కు అచ్చు) జరుగుతాయి. పైగా షెల్ ప్లేట్ (కేసులను పట్టుకుని తిరిగే పళ్లెం) తిరిగి ఆగినప్పుడల్లా ఆ కుదుపుకు పౌడర్ చిందుతోంది. క్రింప్ ఇంకాస్త బిగించాలా, లేక డై లోపలి అంచును అరగదీయించాలా?

జవాబు:
రెండూ వద్దండి. ముందు ఎక్కడ తగులుతోందో చూడండి. దిగని తూటాకు మార్కర్ ఇంకు పూసి, పిస్టల్ నుంచి విడిగా తీసిన బ్యారెల్ ఛాంబర్‌లో (తూటా కూర్చునే వెనుక భాగం) వేసి, వేళ్లతో తిప్పి తీయండి. కేస్ మూతి దగ్గర ఇంకు చెదిరితే, బుల్లెట్ పట్టడానికి వెడల్పు చేసిన మూతి ఇంకా మూసుకోలేదన్నమాట. బుల్లెట్ మీద గీతలు పడితే పొడవు ఎక్కువై రైఫ్లింగ్‌ను (బ్యారెల్ లోపలి మెలి గాళ్లను) తాకుతోంది. అడుగు భాగంలో చెదిరితే సైజింగ్ డై (కాల్చిన కేస్‌ను తిరిగి సరైన కొలతకు నొక్కే డై) చాలినంత కిందికి రావడం లేదు.

9 ఎంఎం కేస్ ఛాంబర్‌లో ఆగేది మూతి అంచు మీదే. .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా వెనుక రిమ్ (అడుగున పొడుచుకొచ్చిన అంచు) మీద ఆగుతుంది కనుక దాని మూతిని బుల్లెట్ గాడిలోకి మడవవచ్చు. 9లో అలా మడిస్తే ఆగడానికి అంచే మిగలదు. ఇక్కడ క్రింప్ పని, తెరిచిన మూతిని తిన్నగా చేయడం వరకే. మూతి దగ్గర కొలత 9.65 మి.మీ. దాటకూడదు, 9.6 దగ్గర ఉంటే చాలు. అతిగా బిగిస్తే ఇత్తడి కొంత వెనక్కి తెరుచుకుంటుంది, నొక్కుకుపోయిన సీసం మాత్రం తిరిగి ఉబ్బదు. దాంతో పట్టు సడలుతుంది. గట్టిగా బిగిస్తే గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం ఎందుకో అంత తేలిగ్గా పోదు.

సర్దేటప్పుడు సీటింగ్ స్టెమ్‌ను (డై లోపల బుల్లెట్‌ను కిందికి నొక్కే కడ్డీ) బాగా పైకి తిప్పేయండి. సరైన పొడవుకు కూర్చోబెట్టిన, ఇంకా క్రింప్ చేయని తూటాను ప్రెస్సుతో డైలోకి పైకెత్తి, డైని కొద్దికొద్దిగా దించుతూ మూతి కొలత సరిచేయండి. తూటా డైలో ఉండగానే స్టెమ్‌ను బుల్లెట్‌కు ఆనేవరకు దించి, లాక్ రింగ్ బిగించండి. ఈ డైలకు అంగుళానికి 14 మరలు ఉంటాయి. అంటే పూర్తిగా ఒక చుట్టు 1.8 మి.మీ., ఎనిమిదో వంతు చుట్టు దాదాపు 0.23 మి.మీ. కాబట్టి చేయి ఆచితూచి తిప్పండి.

అడిగినవారు:
ఇంకు మూతి దగ్గరే చెదిరింది. మీరు చెప్పినట్లు సర్దాక అన్నీ దిగుతున్నాయి, ధన్యవాదాలు. పొడవులో తేడా, పౌడర్ చిందడం అలాగే ఉన్నాయి.

మరొకరి జవాబు:
ఒక్క కేస్ మాత్రమే పెట్టి సర్ది ఉంటారు. సైజింగ్ డై మీద బరువు పడకపోతే ప్లేట్ వంగే తీరు మారుతుంది, పొడవూ మారుతుంది. అన్ని స్థానాలూ నిండి ఉండగా కొలవండి. స్టెమ్ ఆకారమూ చూడండి. చదునైన స్టెమ్ గుండ్రటి ముక్కు మీద నిలకడగా ఆనదు. మైనం పూసిన బుల్లెట్‌ను అచ్చుగా వాడి, స్టెమ్ గుంటలో ఎపాక్సీ నింపి గట్టిపడనిస్తే ఆ బుల్లెట్‌కు సరిపోయే స్టెమ్ తయారవుతుంది.

కుదుపుకు కారణం చాలా ప్రెస్సుల్లో ప్లేట్ కింద ఉండే ఉక్కు గోళీ స్ప్రింగే. దాన్ని ఒక్క మెలిక కత్తిరిస్తే ప్లేట్ మెత్తగా ఆగుతుంది, కాని ముందు విడి స్ప్రింగ్ ఒకటి తెచ్చుకోండి. ప్లేట్ బోల్టు కింద సన్నని త్రస్ట్ బేరింగ్ వేస్తే ఇంకా నయం. బోల్టు వదులైతే ప్రైమర్లు (కేస్ అడుగున పౌడర్‌ను అంటించే చిన్న టోపీలు) పైకి మిగులుతాయి, అది గమనించండి. ప్రతి కేస్‌లో పౌడర్ పడిందో లేదో కనబడేలా ప్రెస్సు లోపలికి చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టుకోవడం మాత్రం ఐచ్ఛికం అనను. పౌడర్ చాలక బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటే, తర్వాతి తూటాతో బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు.

మొదటి జవాబు రాసినవారు:
ఇంకొకటి. మూతి తెరిచే ఎక్స్‌పాండర్ ద్వారానే పౌడర్ పడే ప్రెస్సయితే, దాని ఎత్తు మార్చాక పౌడర్ తూకం మళ్లీ చూడండి, కొలపాత్ర కదలిక దానితో పాటే మారవచ్చు. తయారైన తూటాల్లో కొన్నింటిని ముక్కు వైపు నుంచి బల్ల అంచుకు బొటనవేలి బలంతో నొక్కి, ముందూ వెనుకా పొడవు కొలవండి. తగ్గితే బుల్లెట్‌పై కేస్ పట్టు చాలడం లేదన్నమాట, క్రింప్‌ను తాకకుండా ఎక్స్‌పాండర్ మందం, సైజింగ్ డై చూడండి.